లామినేషన్ చేసిన పారిజాతాలు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను అడుగుతుంటారు, "మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏదండీ?" అని. ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవాణ్ణి అలా అడగడం అంత మర్యాద కాదు. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను.

లక్డీకాపూల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో నేను మొక్కల బొమ్మలు గీసేవాణ్ణి. అడవి నుంచి కోసుకొచ్చిన కొమ్మను నా బల్ల మీద పెట్టేవారు. ఆకు ఎలా ఉంటే అలా, ఈనె ఎటు తిరిగితే అటు, పువ్వుకు ఎన్ని రేకులుంటే అన్నీ నల్ల సిరాతో వేసి ఇవ్వాలి. వేసి ఇచ్చేవాణ్ణి. బొమ్మ ఫైల్లోకి వెళ్లేది, ఫైలు బీరువాలోకి వెళ్లేది, బీరువా తాళంచెవి సూపరింటెండెంటు జేబులోకి వెళ్లేది, సూపరింటెండెంటు సెలవు మీద వెళ్లేవాడు. నా సర్వీసంతా ఇంతే. నా బొమ్మల్ని మనసుపెట్టి చూసినవి ఆ బీరువాలోని చెదపురుగులే. వాటి అభిరుచిని నేను తప్పుపట్టను. మంచి కాగితాన్నే ఎంచుకునేవి.

కాబట్టి చెప్పుకోదగ్గ సంగతి రిటైరయ్యాక, అమీర్‌పేటలో జరిగింది. అందులో గొప్ప పని చేసింది నేను కాదు. నా వంతు రెండు మూడు మాటలు చెప్పడం. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటుంది కనుక ఎవరు ఏమన్నారో నా దగ్గర భద్రంగా ఉంది. అన్నవాళ్లు ఎప్పుడో మర్చిపోయారు.

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదన్న సంగతి మీకు తెలుసు. మెట్రో దిగి పది అడుగులు వేసేలోపు చేతిలో పాంప్లెట్లు నిండిపోతాయి. అలాంటి ఒక భవనంలో, కింద జిరాక్స్ షాపు, పైన ఆడపిల్లల హాస్టలు, మధ్యలో ఒక కోచింగ్ సెంటర్. దాని యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన. కంప్యూటర్ భాషలన్నీ నేర్పించాడు. అవి నేర్చుకున్నవాళ్లకు ఉద్యోగాలొచ్చి, ఉద్యోగాలతో పాటు నిద్రపట్టకపోవడం, మెడనొప్పి, చిరాకు వచ్చాయి. ఇక ఆ చిరాకు తగ్గించే కోర్సు కూడా తానే పెడితే పోలా అనుకున్నాడు. వ్యాపారం అంటే అది.

"ఏంటండీ, మీరు సిరాతో పూలు వేస్తారంటగా?" అన్నాడు, కబురందుకుని వెళ్లిన నన్ను చూడగానే.

"చెట్లు కూడా వేస్తానండీ."

"నేర్పడానికి ఎన్నాళ్లు పడుద్ది?"

"నాకే ఇంకా పూర్తిగా రాలేదు."

"అయితే ముప్ఫై రోజులు పెట్టేద్దాం" అన్నాడు.

మర్నాటికి ఫ్లెక్సీ లేచింది. సిరాతో పూలు, చెట్లు. బేసిక్స్ నుంచి అడ్వాన్స్‌డ్ దాకా. అన్ని రకాల కాగితాల మీద. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్. పూలు వేసేవాళ్లకు ప్లేస్‌మెంట్ ఎక్కడండీ అని అడిగాను. "అదా... ఆ లైను ఫ్లెక్సీ కుర్రాడి దగ్గర పర్మనెంటుగా ఉంటదండీ. తీసెయ్యమంటే డిజైన్ కుదరదంటాడు" అన్నాడు. నేను ముప్పై ఏళ్ల పైన సర్కారు ఫారాలు నింపినవాణ్ణి. కుదరని లైన్ల గురించి నాకు చెప్పాలా?

ఆ సెంటర్లో నిజంగా పని చేసే మనిషి ఒకామె ఉండేది. హోదా కౌన్సెలర్. అంటే ఫోన్లు ఎత్తడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటం, హాజరు వేయడం, మంచినీళ్ల క్యాన్ తెప్పించడం, ఏసీ రిమోట్ దాచడం, సాయంత్రం తాళం వేయడం. యూసుఫ్‌గూడలో కాపురం. క్రైస్తవ కుటుంబం; ఉదయం మొదటి ఫోను ఎత్తేముందు రెండు క్షణాలు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆ తరువాత రోజంతా ఆమె వినవలసినవి తలుచుకుంటే ఆ రెండు క్షణాలు చాలవని నాకనిపించేది. భర్త క్యాబ్ నడిపేవాడు. ఆ రాబడి ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు కాబట్టి ఇల్లు ఆమె జీతం మీదే నిలబడి ఉంది. ఈ బొమ్మల కోర్సు ఆలోచన నిజానికి ఆమెదే. యజమాని ఆలోచన తనదని అందరికీ చెప్పి, బాధ్యత మాత్రం ఆమెదని ఆమెకు చెప్పాడు.

"బ్యాచ్ నిలబడకపోతే మీ సీటు కూడా ఉండదమ్మా. ముందే చెప్తున్నా, తర్వాత అనుకోవద్దు" అన్నాడు నా ముందే. ముందే చెప్పడం ఆయన దృష్టిలో సౌజన్యం.

ఆమెకు ఒక అలవాటుంది. అంతకుముందు వానాకాలం స్టోర్ రూములో సీలింగు కారి, పిల్లల సర్టిఫికెట్లు కట్టలకు కట్టలు తడిసి ముద్దయ్యాయట. ఏడ్చిన ప్రతి పిల్లకూ ఈమే సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి చెడిపోకూడని ప్రతి కాగితాన్నీ కింది జిరాక్స్ షాపుకు పంపి లామినేషన్ చేయించేది. టైంటేబుల్‌కు లామినేషన్. వైఫై పాస్‌వర్డ్‌కు లామినేషన్. లిఫ్టు పనిచేయదన్న నోటీసుకు లామినేషన్. ఆ నోటీసు శాశ్వతమైనదని ఆమెకు బాగా తెలుసు. 'ఈ గోడ మీద ఏమీ అంటించరాదు' అన్న కాగితం కూడా లామినేషన్ అయి అదే గోడ మీద మెరుస్తుండేది. నేను నవ్వుకునేవాణ్ణి. నవ్వుకున్నవాణ్ణి కాస్త ముందు సంగతి ఆలోచించి ఉండవలసింది.

క్లాసులు మొదలయ్యాయి. మొదటి వారం కాగితాలతోనే సరిపోయింది. మనం సిరా పెడతాం గానీ, ఆ సిరా ఏం కావాలో నిర్ణయించేది కాగితం. జిరాక్స్ కాగితం మా ఆఫీసు సెక్షన్ లాంటిది. ఏది ఇచ్చినా తీసుకుంటుంది, తీసుకుని వంకర్లు తిరుగుతుంది. చార్టు గట్టిది. దాని మీద గీత గీతలాగే నిలబడుతుంది. చెట్టు బెరడుకు పనికొస్తుంది, పూరేకుకు పనికిరాదు. చేత్తో చేసిన గరుకు కాగితం వేరు. ముందు కుంచెతో నీళ్లు రాసి, ఆ తడిలో ఒక్క సిరా చుక్క వదిలితే అది మెల్లగా పాకి, అంచు దగ్గర పల్చబడి, తనంతట తనే రేకు అవుతుంది. దాని మీద పారిజాతం వేసినవాడు ఇంక దేని మీదా వేయడు.

నా విద్యార్థులు అందరూ సాఫ్ట్‌వేరు వాళ్లు. వాళ్లలో ఒకతను టెస్టింగ్‌లో చేసేవాడు. పక్కవాళ్ల మందారాల్లో తప్పులు వెతికి రాసిపెట్టేవాడు గానీ తన కాగితం మాత్రం శుభ్రంగా ఉంచుకునేవాడు. ఇంకో అమ్మాయి వేపచెట్టు ఆకులన్నీ ఒకే కొలతలో వేసి, "సార్, ఒకటి వేసి మిగతావి కాపీ చేసే పద్ధతి ఏదైనా ఉందా?" అని అడిగింది. వేపచెట్టుకు ఆ సదుపాయం లేదమ్మా అన్నాను. అయినా వాళ్లు మానలేదు. కొన్నాళ్లకు ఫోన్లు బల్ల మీద బోర్లా పెట్టడం నేర్చుకున్నారు. అంతకన్నా పెద్ద అడ్వాన్స్‌డ్ కోర్సు నేను చూడలేదు.

అప్పుడు యజమాని ఒక ఆర్డరు పట్టుకొచ్చాడు. పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు కొత్త అంతస్తు తెరుస్తున్నారు. రోగుల గదుల్లో పూల బొమ్మలు, వరండాల్లో చెట్ల బొమ్మలు కావాలి. నచ్చితే మిగతా అంతస్తులకు కూడా తీసుకుంటారు. ఆయనకు ఒక్కసారిగా నూరు శాతం ప్లేస్‌మెంటు కళ్లకు కట్టింది.

కాగితం మాత్రం తానే తెచ్చాడు. "మా బావమరిది ప్రెస్సులో పెళ్లికార్డుల స్టాకు మిగిలిపోయిందండీ. చూడండి, అద్దంలా ఉంది."

నేను దాని మీద ఒక సిరా చుక్క పెట్టాను. చుక్క గుండ్రంగా, పూసలాగా నిలబడింది. ఎక్కడికీ పాకలేదు, లోపలికి ఇంకలేదు.

"బాగానే ఉందిగా?" అని ఆయన కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకేసి ఎత్తాడు. చుక్క జారి తెల్ల చొక్కా జేబు మీద పడింది. అక్కడ మాత్రం చక్కగా ఇంకింది.

ఆ విధంగా గరుకు కాగితం మంజూరైంది. సర్వీసులో నాకు ఇంత త్వరగా ఏ మంజూరూ రాలేదు.

బ్యాచ్ అంతా కూర్చుని బొమ్మలు పూర్తిచేశారు. పారిజాతాలు, మోదుగలు, తంగేళ్లు, గన్నేర్లు, వెదురు పొదలు, చింతచెట్లు. తంగేడును చూసి యజమాని, "పసుప్పచ్చగా ఉండాల్సింది నల్లగా ఉందేంటండీ?" అన్నాడు. మిగతావన్నీ నల్లగా ఉండటం ఆయనకు అభ్యంతరం అనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆ పారిజాతాలు బాగా కుదిరాయి. వాటిలో ఒకటి నేను నమూనాగా వేసినది. దాన్ని ఇవ్వబుద్ధికాక ఇంటికి తెచ్చేసుకున్నాను. మిగిలినవన్నీ స్టోర్ రూములో పెట్టించి, "రేపు పది గంటలకు పంజాగుట్ట వెళ్లాలి, జాగ్రత్తమ్మా" అని ఆమెకు అప్పజెప్పాను.

సాయంత్రం వాన మొదలైంది. జాగ్రత్తమ్మా అన్న మాటను ఆమె ఎలా అర్థం చేసుకుంటుందో మీరు ఊహించే ఉంటారు. నేను ఊహించలేదు.

పొద్దున నేను వెళ్లేసరికి ఆమె బల్ల మీద బొమ్మల దొంతర ఉంది. దూరం నుంచే మెరుస్తోంది. పక్కన జిరాక్స్ షాపు భాయ్ చేతులు కట్టుకుని, బహుమతి ఇచ్చేవాడిలాగా నిలబడి ఉన్నాడు.

"సార్, చూడున్రి, ఎట్ల మెరుస్తున్నయో! నిన్న షాపు బంద్ చేసేలోపు అన్నీ కొట్టేసిన. మందం కవరేసిన సార్. గిప్పుడు బకెట్ల ముంచినా ఏం గాదు. ఫికర్ జేయకున్రి."

పై బొమ్మ తీసి చూశాను. పారిజాతం. కాగితానికి ప్లాస్టిక్ అన్నిచోట్లా అతుక్కుంది గానీ, సరిగ్గా పూరేకుల మీద, ఆకుల మీద మాత్రం చిన్న చిన్న వెండి చుక్కల్లా గాలి బుడగలు నిలిచిపోయాయి. కారణం తెలియడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. కుంచెతో నీళ్లు రాసినచోట ఆరాక కాగితం నూగు లేస్తుంది. ఆ నూగు మీద ప్లాస్టిక్ అతుక్కోదు. రేకులకూ ఆకులకూ తప్ప ఇంకెక్కడా మేము నీళ్లు రాయలేదు. కింది బొమ్మ తీశాను. దానికీ అంతే. ఆ కింది దానికీ అంతే. వేడి రోలర్ల మధ్య నుంచి వచ్చిన ప్లాస్టిక్‌ను ఇక ఊడదీయడం ఉండదు. ఊడదీస్తే పూరేకులు దానితోనే వస్తాయి.

నా ముఖం చూసి ఆమె ముఖం మారింది. "ఏమైంది సార్? తడవద్దని చేయించిన. మీకు ఫోన్ కొట్టిన, కలవలే."

"అయితే గీ బుగ్గలు మంచిగ లేవా సార్?" అన్నాడు భాయ్. "నేను డిజైన్ అనుకున్న."

అంతలో యజమాని వచ్చాడు. బొమ్మలు చూశాడు. నా వైపు చూశాడు. సంగతి గ్రహించాడు. ఆయన కేకలు వేసే మనిషి కాదు. మెత్తగా మాట్లాడతాడు, వినేవాళ్లకు అది ఇంకా కష్టం.

"ఎవరు చెయ్యమన్నారమ్మా?"

"ఎవ్వరూ చెప్పలే సార్. నేనే."

"సరే. టైమైంది, పదండి. వాళ్లు వద్దంటే మాత్రం రేపట్నుంచి మీరు రావక్కర్లేదు. మీకు నేను ముందే చెప్పాను."

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషను. మేము యజమాని కారులో వెళ్లాం కాబట్టి చాలాసేపు పట్టింది. ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలిచాయి, కారు కదలదు. వెనక సీట్లో ఆమె బొమ్మల దొంతరను ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. వాటిని వాన నుంచి కాపాడవలసిన అవసరం ఇక ఎంతమాత్రం లేదు. అయినా చున్నీ కప్పింది.

"సార్," అంది నాకు మాత్రమే వినబడేలా, "అక్కడ అడిగితే తప్పు నాదేనని నేనే చెప్తా. మీరు నడుమల పడకండి. మీ పేరు ఖరాబ్ అయితది."

పాడవడానికి నా పేరు ఎక్కడుంది? బీరువాలో ఉంది. ఆ మాట ఆమెతో అనలేదు.

ఆసుపత్రిలో మమ్మల్ని కలిసినావిడ అక్కడి అడ్మినిస్ట్రేటర్. నిలువెల్లా చురుకు. మేము కూర్చోకముందే "చూపించండి" అంది. పారిజాతం బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద ఉన్న శానిటైజర్ సీసా తీసుకుని, బొమ్మ మీద రెండు మూడుసార్లు కొట్టి, టిష్యూతో గట్టిగా రుద్దింది.

అడ్డుకోబోయి ఆగాను. సిరా బొమ్మ మీద ఎవరైనా నీళ్ల గ్లాసు పెడితేనే నేను సహించేవాణ్ణి కాదు. టిష్యూ తెల్లగా పైకి లేచింది. పువ్వుకు ఏమీ కాలేదు.

"గుడ్. ఇది ఆలోచించినవాళ్లు మీరే" అంది ఆవిడ. "ఇంటీరియర్ వాళ్లు ముందు మామూలు కాగితం మీద శాంపిల్స్ తెచ్చారు. పేషెంట్ రూముల్లో గోడ మీద ఏది ఉన్నా రోజూ తుడవాలండీ. అద్దం పెట్టనివ్వం, పగిలితే ప్రమాదం. తుడవలేనిది లోపలికే రానివ్వం."

చూశారా! ముప్పై ఏళ్ల పైన బొమ్మలు వేసినవాణ్ణి. ఈ బొమ్మ ఏ గోడ మీదికి వెళుతుంది, దాన్ని ఎవరు తుడుస్తారు, దేనితో తుడుస్తారు అని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. నా బొమ్మలు బీరువా దాటి ఎక్కడికీ వెళ్లలేదు కదా, ఆ అవసరం రాలేదు. మా యజమానికీ తట్టలేదు. కానీ ఆయన అప్పటికే తల ఊపుతూ, "అది మా స్టాండర్డ్ ప్రొసీజరండీ" అంటున్నాడు.

ఆవిడ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వంచి చూసింది. బుడగలు మెరిశాయి.

"రేకుల మీద ఇవేంటి? మంచు పడ్డట్టుంది. చాలా బాగుంది." వెంటనే నా వైపు తిరిగింది. "మాస్టారూ, మీరు చెప్పండి. ఇది కావాలని చేసిందా, పొరపాటున వచ్చిందా? ఎందుకంటే ఇలాగే ఉంటేనే మిగతా అంతస్తులకు తీసుకుంటాను. పొరపాటున వచ్చిందైతే మళ్లీ రాదు. అప్పుడు మాకు వద్దు."

యజమాని నా వైపు కళ్లతో బతిమాలుతున్నాడు. ఆయన బతిమాలింది ఆర్డరు కోసం. ఆమె మాత్రం నేల చూస్తూ, కారులో నాకు చెప్పిన మాట చెప్పేయడానికి నోరు తెరవబోతోంది. నేను అబద్ధం చెప్పను. చేతగాక కాదు, రాత్రి డైరీలో మళ్లీ అదే రాయవలసి వస్తుందని. కొమ్మతో పాటు నా బల్ల మీదికి వచ్చిన ఫైల్లో ఎవరి తప్పు దొరికినా మార్జిన్లో ఎర్రసిరాతో రాసి పంపిన మనిషిని. ఆ ఎర్రసిరా వల్ల ఎవరికి ఏం జరిగిందో ఎన్నడూ చూడలేదు. చూడగలిగేంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

"నేను చేసింది కాదమ్మా" అన్నాను. "ఇది మొత్తం ఈవిడ చేసిన పని. మళ్లీ ఎన్నిసార్లు చేయమన్నా ఇలాగే వస్తుంది."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాగితంలో నూగు లేచినన్నాళ్లూ అలాగే వస్తుంది.

ఆవిడ ఆమెను కొత్తగా చూసింది. "మీరు ఆర్టిస్టా?"

"కాదు మేడమ్, కౌన్సెలర్‌ని" అంది ఆమె. ఆవిడ దాన్ని వినయం అనుకుంది.

ఆర్డరు ఖాయం చేసుకుని తిరిగి వచ్చే దారిలో యజమాని కారు ఆపించి మాకు చాయ్ తాగించాడు. "నేను మొదట్నుంచి చెప్తూనే ఉన్నానండీ, ఈవిడలో టాలెంట్ ఉందని" అన్నాడు. ఎక్కడ, ఎప్పుడు చెప్పాడో నా డైరీలో లేదు. ఆమె చాయ్ కప్పు చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుంది, రెండు క్షణాలు కాదు, చాలాసేపు. చాయ్ చల్లారిపోయింది.

ఆ తరువాత ఫ్లెక్సీ మారింది. 'మంచు టెక్నిక్' అన్నది అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరింది. ఫ్లెక్సీ మీద ఆమె ఫొటో వచ్చింది, నాది పక్కన, కొంచెం చిన్నగా. నేను ఎక్కడ నీళ్లు రాయాలో నేర్పేవాణ్ణి. ఎలా బుడగ నిలబెట్టాలో ఆమె, జిరాక్స్ షాపు భాయ్ కలిసి చూపించేవారు. భాయ్ ఫ్యాకల్టీ అయ్యాడు. క్లాసుకు వచ్చేటప్పుడు చొక్కా టక్ చేసుకునేవాడు. పాత టెస్టింగ్ కుర్రాడు మళ్లీ చేరి, ఎవరి బుడగ ఏ రేకు మీద తప్పిపోయిందో రాసిపెట్టడం మొదలుపెట్టాడు. లామినేషన్ లేకుండా ఒక పువ్వును చూపిస్తే, "సార్, ఇది ఇంకా పూర్తి కాలేదా?" అని అడిగేవారు. కొన్ని బ్యాచ్‌ల తరువాత నేను పూర్తయిపోయాను. మోకాళ్లు మెట్లెక్కనివ్వలేదు, లిఫ్టు మీది నోటీసు చెక్కుచెదరలేదు.

చివరిరోజు ఆమె నాకు ఒక అనుభవ ధ్రువపత్రం ఇచ్చింది. చెప్పక్కర్లేదు, లామినేషన్ చేసి ఇచ్చింది. నా పేరు మీద చిన్న బుడగ ఒకటి ఉంది. కావాలని పెట్టించిందో, దానంతట అదే వచ్చిందో నేను అడగలేదు. మళ్లీ రావాలంటే ఎలా అన్న ప్రశ్న నా విషయంలో ఎవరికీ లేదు.

పిల్లలూ, మీరు ఉద్యోగాల్లో నాణ్యత గురించి చాలా వింటారు. వినండి. మీరు చేసిన వస్తువును ఎవరు ఏ గుడ్డతో తుడుస్తారో కూడా ఓసారి కనుక్కోండి. నా అనుభవంలోంచి నేను ఇవ్వగలిగింది అంతే.

మొన్న వానలకు మా ఇంట్లో హాలు గోడ చెమ్మెక్కింది. ఆ గోడకు రెండున్నాయి: ఇవ్వబుద్ధికాక తెచ్చుకున్న నా పారిజాతం, ఆ ధ్రువపత్రం. పారిజాతం రేకుల్లోకి బూజు పాకింది, తడి కాగితం మీద సిరా పాకినంత అందంగా. ధ్రువపత్రానికి ఏమీ కాలేదు. తడిగుడ్డతో తుడిచాను, నా సర్వీసు మొత్తం తళతళలాడింది.

నిన్న ఇంట్లో మిగిలిన బొమ్మలన్నీ సంచిలో పెట్టుకుని అమీర్‌పేట వెళ్లాను. జిరాక్స్ షాపు భాయ్ నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. సంచి అందుకుని, ఒక్కో బొమ్మా బల్ల మీద పరిచి, మిషన్ ఆన్ చేసి అడిగాడు.

"ఏం సార్, మంచు పడాల్నా, సాదాగ కొట్టాల్నా?"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

"కొంచెం పడనీ" అన్నాను.